నల్లా నీళ్ళ వాసన, కుండీ అంచున తెల్లపొర

ఖమ్మం జిల్లా ముదిగొండ పిల్లలకు ఈత అంటే వ్యవసాయ బావి, లేదంటే సాగర్ కాలువ. నీలం పలకలు పరిచిన ఈతకొలను చూడాలంటే ఒకప్పుడు పట్నం పోవాల్సిందే. ఇప్పుడు ఫామ్‌హౌస్‌ల పుణ్యమా అని అవి కూడా పొలాల మధ్యకే వస్తున్నాయి. అయితే ఈతకొలను నీళ్ళలో ఉండే రెండు సరుకులు, క్లోరిన్, ఉప్పు, కొలను కంటే ముందే ఊళ్ళోకి దిగాయి. క్లోరిన్ భగీరథ నల్లాలో వచ్చింది. ఉప్పు బోరు గొట్టంలో వచ్చింది.

మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైంది. పాలేరు జలాశయం నీళ్ళు శుద్ధి అయి, పైపుల్లో ఖమ్మం పల్లెలకు చేరాయి. పొద్దున నల్లా తిప్పగానే ఒక్కోరోజు బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలిందంటే చాలా ఇళ్ళలో జరిగే పని ఒకటే. నల్లా నీళ్ళు వంటింటికి పోతాయి, మల్లెపాదుకూ కరివేపాకుకూ బోరు నీళ్ళు పోస్తారు. మందు కలిపిన నీళ్ళు పోస్తే వేరు మాడిపోతుందని భయం. బోరు నీళ్ళకు వాసన ఉండదు కనుక వాటి మీద ఎవరికీ అనుమానం రాదు. మొక్క వైపు నుంచి చూస్తే ఈ పంపకం తలకిందులైంది. వాసన కొట్టేది మట్టిలో పడి కాసేపటికే ఖర్చైపోతుంది. వాసన లేనిది పోదు, రోజురోజుకూ కూడుతుంది.

ముందు క్లోరిన్ సంగతి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన నియమం (ఐఎస్ 10500) ప్రకారం నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గ్రామ పంచాయతీ ట్యాంకుల్లో పాటించే లెక్క ఇంకో తీరులో ఉంటుంది: వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్. ఆ పొడిలో మూడో వంతే పనికొచ్చే క్లోరిన్. అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపే. అందులోనూ నీళ్ళలోని మురికి కొంత తినేస్తుంది, గొట్టంలో కొంత పోతుంది. ఈతకొలనులో మామూలుగా లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు ఉంచుతారు. కళ్ళు మండేది ఆ నీళ్ళలోనే.

ఈ కాస్త క్లోరిన్ మట్టిలో ఏమవుతుంది? క్లోరిన్‌కు ఎదురుపడిన సేంద్రియ పదార్థంతో వెంటనే చర్య జరపడం తప్ప వేరే పని తెలియదు. కుళ్ళిన ఆకో, పశువుల ఎరువో, బ్యాక్టీరియా ఒంటి పొరో, ఏది దొరికితే దాన్ని ఆక్సీకరించి, తాను మామూలు క్లోరైడ్‌గా మారిపోతుంది. పైపొరలో కొన్ని సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. కానీ చెంచాడు మట్టిలోనే కోట్ల కొద్దీ జీవులు ఉంటాయి. కింది పొర నుంచి అవి మళ్ళీ పైకి పాకి ఖాళీ నింపుకుంటాయి. వేరు దాకా క్లోరిన్‌గానే దిగే అవకాశం దానికి చాలా తక్కువ. గాబులో పట్టి ఎండలో ఉంచిన నీళ్ళలోనైతే మట్టి అవసరం కూడా లేదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలే దాన్ని విడగొడతాయి. ఖమ్మం ఏప్రిల్ ఎండకు ఒక మధ్యాహ్నం చాలు.

ఈ విషయం మిర్చి రైతుకు కొత్తేం కాదు. డ్రిప్పు వేసినవాళ్ళు లేటరల్ పైపుల్లో పాచి పట్టి బొట్టు ఆగిపోతే, లీటరుకు పది ఇరవై మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్న నీళ్ళు ఎక్కించి, కాసేపు ఆపి, కడిగేస్తారు. నల్లా నీళ్ళతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు ఘాటు. దాని తర్వాత కూడా తోట తోటలాగే ఉంటుంది.

అలాగని క్లోరిన్‌కు పూర్తి మాఫీ ఇవ్వలేం. మోతాదు మారితే కథ మారుతుంది. 2020 వేసవిలో కొవిడ్ భయంతో వీధుల్లో సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని ట్రాక్టర్లకు ట్యాంకులు కట్టి మరీ చల్లారు. అందులో ఒక శాతం ద్రావణమంటే లీటరుకు పదివేల మిల్లీగ్రాములు, నల్లా నీళ్ళకు పదివేల రెట్లకు పైనే. అది ఆకు మీద పడితే పచ్చదనం చెదిరి తెల్లమచ్చలు తేలతాయి. బయటి స్థలాల్లో ఇలా చల్లడం వల్ల లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది మే నెలలో చెప్పింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలను ముంచెత్తినప్పుడు, బురద తీశాక పడిన బ్లీచింగ్ పౌడర్ అవసరమైనదే. కానీ అదే పొడిని పిడికిళ్ళతో గులాబీ మొదట్లో పోస్తే, అక్కడ తడి తగిలిన చోటల్లా ఘాటైన క్షారం తయారవుతుంది. మురుక్కాలువకు పోయాల్సింది పాదులో పోయడం చాలామంది చేసే పని. మొక్క ఎండితే మాత్రం నింద వరద మీదికి పోతుంది.

ఇంకో తమాషా ఉంది. క్లోరిన్ ఖర్చైపోయాక మిగిలే క్లోరైడ్, మొక్కకు అసలు కావాల్సిన పోషకమే. 1954లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో బ్రోయర్, కార్ల్‌టన్, జాన్సన్, స్టౌట్ అనే శాస్త్రవేత్తలు టమాటా మొక్కల మీద ఈ సంగతి తేల్చారు. క్లోరిన్ జాడ లేకుండా శుద్ధి చేసిన ద్రావణంలో పెంచితే మొక్కలు వాడి, ఆకులు పాలిపోయాయి. చిటికెడు క్లోరైడ్ అందగానే తేరుకున్నాయి. కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టే ఘట్టానికి అది తప్పనిసరి. కాకపోతే కావాల్సింది అత్యల్పం. వాననీళ్ళలోనూ మట్టిలోనూ ఉండేదే సరిపోతుంది.

ఆ అత్యల్పం దాటాక ఎవరి తీరు వారిది. కొబ్బరి క్లోరైడ్‌ను అడిగి మరీ తింటుంది. గుంట తీసి మొక్క నాటేటప్పుడు గుప్పెడు కల్లుప్పు వేసే పాత అలవాటు ఊరికే పుట్టలేదు. పొగాకు దానికి పూర్తిగా ఎదురు. ఆకులో క్లోరైడ్ పెరిగితే అది తేమ పట్టి, సరిగా కాలదు. కాలని ఆకును ఎవరు కొంటారు? అందుకే పొగాకు రైతులు బోరు నీళ్ళ ఉప్పు చూసుకుంటారు, మ్యూరేట్ పొటాష్ బదులు సల్ఫేట్ పొటాష్ వేస్తారు. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ దశాబ్దాలుగా చెప్తూ వచ్చిన మాట ఇదే. మామిడి, నిమ్మ, బత్తాయి కూడా పొగాకు పక్షమే. ఉప్పునీళ్ళు తాగితే వీటి ఆకుల కొసలు, అంచులు ముందు మాడతాయి. నీటితోపాటు పైకెక్కిన క్లోరైడ్ చివరికి చేరి ఆగేది అక్కడే. నీళ్ళు ఆవిరైపోతాయి, అది ఉండిపోతుంది.

ఇక ఉప్పు. శాస్త్రవేత్తలు ఉప్పు అంటే వంటింటి ఉప్పు ఒక్కటే అనుకోరు. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్, నీళ్ళలో కరిగిన లవణాలన్నీ అందులోకే వస్తాయి. బోరు నీళ్ళలో లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుందాం. తాగునీటికి ఐదొందల లోపు మంచిదని, వేరే దిక్కు లేకపోతే రెండువేల దాకా పర్వాలేదని అదే ఐఎస్ 10500 అంటుంది. కనుక వెయ్యి అంటే వింతేమీ కాదు. రోజుకు రెండు లీటర్ల చొప్పున ఒక కుండీకి పోస్తే రోజుకు రెండు గ్రాములు, నెలకు అరవై గ్రాములు. అడుగున నీళ్ళు కారనీయకుండా జాగ్రత్తగా కొంచెం కొంచెం పోసేవాళ్ళ కుండీలో ఆ అరవై గ్రాములూ అక్కడే ఉంటాయి. మొక్క నీళ్ళు తాగుతుంది, లవణాల్లో చాలా భాగం వదిలేస్తుంది. మట్టికుండీ బయటి అంచున, మట్టి ఎండిన గీత దగ్గర గోరుతో గీకితే రాలే తెల్లటి పొర ఇదే. సిమెంటు తొట్టి అయితే పొర ఇంకా మందం. కొంతమంది దాన్ని బూజనుకుని పసుపు చల్లుతారు.

మట్టిలో ఉప్పు పెరిగితే వేరుకు కలిగే బాధ మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టినప్పుడు ఊట దిగడం లాంటిదే. నీళ్ళు ఉప్పు తక్కువ ఉన్నచోటి నుంచి ఎక్కువ ఉన్నచోటికి పోతాయి. వేరు లోపలి రసం కంటే బయటి తడి చిక్కబడితే, పాదు నిండా నీళ్ళున్నా మొక్క దాహంతో వాడుతుంది. వాడింది కదా అని ఇంకో చెంబు అదే నీళ్ళు పోస్తారు.

పంటల్లో ఎవరి ఓపిక ఎంతో 1977లో మాస్, హాఫ్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పట్టిక కట్టారు. కొలమానం ఈసీ, అంటే తడిమట్టి నుంచి తీసిన రసంలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందన్నది. ఉప్పు పెరిగితే ఈసీ పెరుగుతుంది. భూసార పరీక్ష కార్డులో పీహెచ్ పక్కన కూడా ఈసీ అంకె ఉంటుంది, కొలిచే తీరు మాత్రం కాస్త వేరు. చాలామంది నత్రజని, భాస్వరం దగ్గరే ఆగిపోయి దాన్ని చూడరు. మిరప, క్యాప్సికం జాతికి 1.5 దాకా ఇబ్బంది లేదు. ఆపైన ఒక్కో యూనిట్‌కు దిగుబడి 14 శాతం చొప్పున పడిపోతుంది. అంటే 3.5 ఉన్న నేలలో నాలుగో వంతుకు పైగా గోవిందా. వరికి హద్దు 3. పత్తికి 7.7. ఒకే కాలువ కింద, ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చేలల్లో మిర్చి కుంగి, పత్తి నిక్షేపంగా ఉంటే తెగులు కోసం వెతికే ముందు ఈ అంకె చూడటం మంచిది. సాగునీటి విషయంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం మిరపకు పూర్తి దిగుబడి కావాలంటే నీటి ఈసీ 1 దాటకూడదు. లీటరుకు దాదాపు 640 మిల్లీగ్రాములు. మార్కెట్లో దొరికే టీడీఎస్ మీటర్ ముంచితే ఈ లెక్క ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది.

లవణాల్లో సోడియం దుర్మార్గం ప్రత్యేకం. దాని దెబ్బ మొక్క కంటే ముందు మట్టికి తగులుతుంది. బంకమట్టి రేణువులను కాల్షియం ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. ఆ చోటును సోడియం ఆక్రమిస్తే రేణువులు విడిపోయి, తేలి, సందులన్నీ పూడ్చేస్తాయి. తడిస్తే అడుసు, ఎండితే పెంకు. నీళ్ళు ఇంకవు, గాలి ఆడదు. రైతుల మాటలో పాలచౌడు, కారుచౌడు వేరువేరు. పైన తెల్లగా ఉప్పు తేలే పాలచౌడు మంచినీళ్ళతో కడిగితే దారికొస్తుంది. సోడియం పట్టిన కారుచౌడు కడిగితే ఇంకా బిగుస్తుంది. ఎర్ర చల్క నేలలో నీళ్ళు తేలిగ్గా దిగిపోతాయి కనుక ఉప్పు కిందికి జారుతుంది. నల్లరేగడిలో బంకమన్ను ఎక్కువ, అది పట్టుకున్నది వదలదు.

తేడా కనిపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పాదులోంచి శనగగింజంత ఎండు మట్టిగడ్డ తీసి, గాజుగ్లాసులో పట్టిన వాననీళ్ళలో మెల్లగా వదిలి, కదపకుండా కొన్ని గంటలు ఉంచాలి. గడ్డ అలాగే ఉన్నా, చిన్న ముక్కలుగా విరిగి నీళ్ళు తేటగా ఉన్నా గొడవ లేదు. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముకుంటే మట్టిలో సోడియం పాలు ఎక్కువైందన్నమాట. బోరు నీళ్ళతో ఈ పరీక్ష చేస్తే మోసపోతారు, ఆ నీళ్ళలోని ఉప్పే మబ్బును కిందికి దించేస్తుంది.

ఇంట్లో సోడియం పెరిగే దారి ఒకటి ఎవరూ ఊహించనిది: వాటర్ సాఫ్ట్‌నర్. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో, ఇప్పుడు ఖమ్మం ఇళ్ళలోనూ, గీజర్‌కు గార పట్టకుండా దీన్ని బిగిస్తున్నారు. అది చేసే పని కాల్షియం తీసేసి సోడియం ఇవ్వడం. సబ్బు బాగా నురగొస్తుంది, మట్టికి కీడు జరుగుతుంది. దీంతో పోలిస్తే ఇంటి ఆర్‌వో యంత్రం విడిచే నీళ్ళకు వచ్చిన చెడ్డపేరు కాస్త ఎక్కువే. ఒక లీటరు మంచినీళ్ళకు రెండు లీటర్లు బయటికి పంపే యంత్రంలో, 600 మిల్లీగ్రాముల నీళ్ళు పోస్తే విడిచే నీళ్ళలో 900 లోపే ఉంటుంది. అదే 1500 మిల్లీగ్రాముల బోరైతే విడిచేది 2200 దాటుతుంది. మొదటిది బట్టలకూ, అప్పుడప్పుడు కొబ్బరిచెట్టుకూ పనికొస్తుంది. రెండోది బండలు కడగడానికే.

ఈతకొలను ఉన్నవాళ్ళ విషయానికొస్తే, క్లోరిన్ కొలను, ఉప్పు కొలను అని రెండు రకాలు. రెండోదాంట్లో లీటరుకు మూడు నాలుగు గ్రాముల ఉప్పు కలిపి, కరెంటుతో ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుట్టిస్తారు. ‘సహజమైన’ కొలనని అమ్మేది దీన్నే. సముద్రంతో పోలిస్తే ఇది పదో వంతు ఉప్పే, కానీ ఈసీ లెక్కలో ఐదారు. మిరపకూ, గులాబీకీ భరించరానంత. మామూలు కొలనులో క్లోరిన్ ఎండకు త్వరగా పోకుండా సయన్యూరిక్ ఆమ్లం కలుపుతారు కనుక, మందు ఆపాక ఒక్కరోజులో కాక కొన్నాళ్ళకు పోతుంది. పాచికి మైలుతుత్తం వాడే చోట రాగి కూడా చేరుతుంది. బోర్డో మిశ్రమంగా ఆకు మీద మేలు చేసే ఆ రాగే మట్టిలో ఏళ్ళ తరబడి పోగైతే వేరుకు విషం. కాబట్టి కొలను ఖాళీ చేసేటప్పుడు మందు ఆపి, క్లోరిన్ పోయిందని పరీక్ష గొట్టంలో చూసుకుని, నీళ్ళను ఒకేచోట వదలకుండా కాగితంపూలు, గన్నేరు, ఖర్జూరం, సపోటా, కొబ్బరి ఉన్న వైపు మళ్ళించడం ఒక పద్ధతి. ఉప్పు కొలను నీళ్ళు మాత్రం తోటలోకి రాకపోవడమే నయం.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల పెరట్లో గోంగూర, బీర వేసే తెలుగువాళ్ళకు ఈ చిక్కులన్నీ ఒక్కచోటే తగులుతాయి. అక్కడ చాలా ఇళ్ళకు కొలనుంటుంది. నల్లా నీళ్ళలో ఏడాదిలో పదకొండు నెలలు క్లోరిన్ బదులు క్లోరమిన్ ఉంటుంది, అంటే అమ్మోనియాతో కలిసిన క్లోరిన్. అది బకెట్లో రాత్రంతా ఉంచినా ఎగిరిపోదు. వసంతంలో సుమారు నెల రోజులు పైపులు శుభ్రం చేయడానికి ఉత్తర టెక్సస్ నీటి సంస్థ మామూలు క్లోరిన్‌కు మారుతుంది. అప్పుడు వాసన పెరుగుతుంది, జనం కంగారుపడతారు. నేలలో వేసిన గోంగూరకు రెండింటితోనూ పేచీ లేదు. మట్టి లేకుండా నీళ్ళలోనే పెంచే హైడ్రోపోనిక్ మొక్కలకైతే క్లోరమిన్ వేరును నేరుగా తాకుతుంది. వాళ్ళు చిటికెడు విటమిన్ సి కలిపి దాన్ని విరగ్గొడతారు.

ఉప్పు దెబ్బ వెంటనే కనపడకపోవడం దాని అసలు మాయ. అమెరికాలో మేరీలాండ్ తీరాన స్మిత్సోనియన్ పర్యావరణ పరిశోధన కేంద్రం వాళ్ళు ఒక అడవి ముక్కను ఉద్దేశపూర్వకంగా ఉప్పునీటితో తడిపి చూశారు. 2022 జూన్‌లో పది గంటలు పారించారు, చెట్లకు ఏమీ కాలేదు. 2023లో ఇరవై గంటలు తడిపితే చాలా చెట్లు తట్టుకున్నాయి. 2024 జూన్‌లో ముప్పై గంటలు పెట్టాక, ఆగస్టు మధ్యకల్లా ట్యూలిప్ పోప్లార్ చెట్ల ఆకులు గోధుమరంగుకు తిరిగాయి. పక్కనే మంచినీళ్ళు తాగిన ముక్క పచ్చగానే ఉంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చుల మీద విమానాలు సముద్రపు నీళ్ళు పోసినప్పుడు ఈ ప్రయోగం గుర్తుకు తెచ్చుకున్నారు. మొదటి ఏడాది ఫలితం చూసి ఉప్పునీళ్ళతో ఏమీ కాదని తీర్పు చెప్పి ఉంటే తప్పయ్యేది. ‘పదేళ్ళ నుంచి ఇవే నీళ్ళు పోస్తున్నాం’ అనేవాళ్ళ పెరళ్ళకూ ఇది వర్తిస్తుంది.

విరుగుడు ఉంది, కానీ అందులో సీసాలో కొనుక్కునేది తక్కువ. పేరుకున్న లవణాన్ని వేరు కిందికి తోసేయడమే దారి. తొలకరి నుంచి సెప్టెంబరు దాకా ఖమ్మం వానలు ఆ పని ఉచితంగా చేస్తాయి. అందుకని వానాకాలంలో కుండీలను వసారాలో దాచడం బుద్ధితక్కువ పని. మిగతా నెలల్లో రోజూ చెంబెడు పోసే బదులు, అప్పుడప్పుడు అడుగున ధారగా కారేదాకా మంచినీళ్ళు పోయాలి. అందుకు భగీరథ నల్లా నీళ్ళను మించినవి లేవు, బ్లీచింగ్ వాసన ఉన్నాసరే. గ్లాసులో మబ్బు తేలిన మట్టికి ముందు జిప్సం పడాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని రేణువు మీంచి దించుతుంది, ఆ తర్వాతే నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి. చేలల్లో జిప్సం వేశాక నీళ్ళు నిలగట్టి తీసేసి, జీలుగ చల్లి, పూతకు వచ్చాక కలియదున్నుతారు. మబ్బు తేలని పాలచౌడుకు జిప్సం వేయడం డబ్బు దండగ. యూరియా, పొటాష్ కూడా మట్టిలోని తడిని లవణాల్లాగే చిక్కబరుస్తాయి కనుక, ఆకుల కొసలు మాడుతున్న మొక్కకు బలం కోసమని ఎరువు వేస్తే మంట పెరుగుతుంది.

కిందికి తోసిన ఉప్పు ఎక్కడికి పోతుందన్నది పెద్ద ప్రశ్న. పోయే దారి లేకపోతే ఎండాకాలంలో తడితోపాటు మళ్ళీ పైకే ఎక్కుతుంది. నాగార్జునసాగర్ కుడికాలువ కింద కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరులో జరిగింది ఇదే. కాలువ నీళ్ళొచ్చాక భూగర్భ మట్టం పైకి లేచి, ఉప్పు తేలి, పొలాలు పాడయ్యాయి. బాపట్ల శాస్త్రవేత్తలు డచ్ నిపుణుల సహకారంతో ఆ రెండు చోట్లా నేలలో చిల్లుల గొట్టాలు పాతి, ఉప్పునీళ్ళను మురుగుకాలువలోకి లాగే పద్ధతి పరీక్షించారు. పంట తేరుకుంది. ఆ నీళ్ళు చేరిన మురుగుకాలువ నుంచి మోటారు పెట్టి తోడుకోవద్దని కింది రైతుకు చెప్పాల్సిన పని మాత్రం మిగిలింది. డాబా మీద కుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్ళేల్లో నిలిచేవి కూడా అలాంటి నీళ్ళే. వృథా ఎందుకని వాటిని పక్క మొక్కకు పోస్తారు, లేదా వేరు మళ్ళీ పీల్చుకుంటుందని అలాగే వదిలేస్తారు. కడిగిన రోజున ఆ పళ్ళెం పారబోయాలి.